ఎవరి చేతి వంట

పదకొండో భాగం

కిందటి వారం మనం సాలమ్మను నాచారం వంటషెడ్డు గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. పక్కన హబ్సిగూడ ఛాయాదేవమ్మ. చెప్పాపెట్టకుండా వంటశాల చూడవచ్చిన ఆ పెద్దావిడ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయింది. ఎదురుగా భట్టీ ముందు దానమ్మ తలమీదికి కొంగు లాక్కుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతోంది.

పప్పు గుండిగ దించే ముందు దానమ్మ రోజూ చేసే పనే అది. తినబోయేవాళ్ల కోసం చిన్న ప్రార్థన, చివర్న ‘స్తోత్రం తండ్రీ’ అని ఒక మాట. షెడ్డులో కూరగాయలు కోసే ఆడవాళ్లకు అది కుక్కర్ కూత లాంటిది. వినపడగానే గుండిగ దించడానికి గుడ్డలు పట్టుకుని లేస్తారు. బయటివాళ్లు మాత్రం ఇంతవరకు దాన్ని చూడలేదు. చూడకుండా సాలమ్మ జాగ్రత్తపడింది.

ఆ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

సాలమ్మ మొగుడు హన్మయ్య, దానమ్మ మొగుడు అబ్రహాం మల్లాపూర్‌లో ఒకే వర్క్‌షాపులో, ఒకే మిషను మీద షిఫ్టులు మార్చుకున్నవాళ్లు. వర్క్‌షాపుకు తాళం పడ్డాక మగవాళ్లు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు, ఆడవాళ్లు పొయ్యి ముట్టించారు. మొదట్లో వండింది బగారన్నం, మటన్ కూరే. జనగామ దిక్కు గొర్లు కాసుకునే కుర్మోళ్ల ఇంట పుట్టిన సాలమ్మకు మాంసం వండడం ఒకరు నేర్పాల్సిన పని లేదు. నాచారంలో పుట్టువెంట్రుకలైనా, దినమైనా సాలమ్మ గంటె తిరగాల్సిందేనని పేరొచ్చింది.

అయితే లోకం నాలుక మారింది. ఉప్పల్ రోడ్డు పొడుగునా మెట్రో కోసం గుంతలు తవ్వుతున్న రోజులవి. గుంతల పక్కన అపార్టుమెంట్లు, అపార్టుమెంట్లలో కొత్త మనుషులు, కొత్త మనుషులతో కొత్త నోములు. సోమవారం శివుడిది, మంగళవారం హనుమంతుడిది, గురువారం సాయిబాబాది, శనివారం వెంకన్నది. మిగిలిన రోజుల్లో డాక్టరు వద్దన్నాడు. అయ్యప్ప మాలలు పడ్డాయంటే వీధికి వీధే కూరగాయల మీద పడేది. కంపెనీల వాళ్లు మధ్యాహ్నం భోజనానికి వెజ్జయితే అందరూ తింటారని ఆర్డర్లిచ్చేవాళ్లు. మటన్ కిలోకు ఎంతమందికి వస్తుందని అడిగే ఫోన్లు తగ్గిపోయి, గిన్నెలు కూడా వేరేనా అని అడిగే ఫోన్లు పెరిగాయి.

గాలి ఎటు వీస్తే అటు చేట తిప్పి తూర్పారబట్టడం తెలిసిన మనిషి సాలమ్మ. పాత గిన్నెలన్నీ కట్టగట్టి అమ్మేసింది. కొత్తవి కొని, షెడ్డుకు సున్నం వేయించి, ‘శుద్ధ శాకాహార క్యాటరింగ్’ అని బోర్డు పెట్టింది. ఊళ్లో వాళ్లన్న విని, పులి ఉపాసం పట్టినట్టుందని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ సాలమ్మ మాట తప్పలేదు. షెడ్డులోకి కోడిగుడ్డు కూడా రానియ్యలేదు. హన్మయ్యకు ఆదివారం నాలుక పీకితే ఉప్పల్‌లో బామ్మర్ది ఇంటికి పోయి తినాలి. తలస్నానం చేస్తే గానీ ఇటు గడప తొక్కకూడదు. దేశంలో ఏ మొగోనికీ లేని శిక్ష తనకు పడ్డదని అతను గొణిగేవాడు. గొణుగుతూనే ఏ ఆదివారమూ తప్పకుండా ఆ శిక్షకు పోయి వచ్చేవాడు.

బోర్డు సాలమ్మది. చెయ్యి మాత్రం దానమ్మది.

దానమ్మ ఊరు నర్సంపేట దిక్కు. మాంసం తినే కులమని ఊరు వేలెత్తి చూపిన ఇల్లే గాని, ఆ ఇంట్లో మాంసం ఉడికింది పండుగకూ పబ్బానికీ మాత్రమే. మిగిలిన ఏడాదంతా గట్ల మీద దొరికిన ఆకే కూర. గంగవాయిలి, పుంటికూర, తుమ్మికూర, చింతచిగురు. ఏ ఆకు ఏ పులుపుకు లొంగుతుందో, ఏ పప్పుకు ఎంత మంట కావాలో ఆమెకు లేమి నేర్పింది. అప్పుడు లేక తిన్న కూరాకునే ఇప్పుడు ఉన్నవాళ్లు పుణ్యమని తింటున్నారు. వంట ఎవరిదని ఎవరైనా అడిగితే సాలమ్మ ‘మేమే’ అనేది. ఆ ‘మేమే’ అన్న మాట చాటున దానమ్మ ఇన్నేళ్లూ నిలబడి వండింది.

ఇప్పుడు వచ్చిన బేరం అలాంటిలాంటిది కాదు. ఛాయాదేవమ్మ కొడుకు జనార్ధనరావు హబ్సిగూడలో కోచింగ్ పిల్లల కోసం హాస్టళ్లు నడుపుతాడు. ఇకనుంచి అన్ని హాస్టళ్లలో శాకాహారమేనని తల్లిదండ్రులకు మాటిచ్చాడు. ఏడాది పొడుగునా రెండు పూటల వంట. అది చేతికొస్తే షెడ్డు నిలుస్తుంది, షెడ్డును నమ్ముకున్న ఆడవాళ్లు నిలుస్తారు. రాకపోతే, మాలల సీజను దాటగానే ఆ పొయ్యిలో పిల్లి లేవదు. జనార్ధనరావు ఒప్పుకున్నట్టే. కానీ వండింది ముందు ఛాయాదేవమ్మ దేవుడికి నైవేద్యం పెట్టాలి, ఆ తర్వాతే పిల్లలకు వడ్డన. అందుకని ఊ అనాల్సింది ఆమె.

ఆ ఊ అనాల్సిన మనిషే ఇప్పుడు గడప మీద ఉంది.

“ఆమె ఏం జేస్తున్నది?” అని అడిగింది ఛాయాదేవమ్మ. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

ఇక్కడ సాలమ్మ ఊరుకున్నా సరిపోయేది. ఆమెనే అడగండని పక్కకు జరిగినా సరిపోయేది. కానీ బెదిరిన మనిషి నోరు తలకాయ కంటే ముందు పరుగెత్తుతుంది.

“ఒక్కపొద్దమ్మా. కార్తీక సోమారం గదా, శివున్ని తలుసుకుంటున్నది.”

“నీకేమైతది?”

“మా అక్క. మా సొంత పెద్దమ్మ బిడ్డ.”

అబద్ధం ఎప్పుడూ ఒంటరిగా రాదు. తోడుపెళ్లికూతుర్ని వెంటబెట్టుకునే వస్తుంది.

ఛాయాదేవమ్మ ముఖం విప్పారింది. తానూ ఉపవాసమేనని, గుడి నుంచి నేరుగా ఇటే వచ్చానని చెప్పి, చెప్పులు విడిచి లోపలికి నడిచింది. ఈలోగా దానమ్మ ప్రార్థన ముగించి కళ్లు తెరిచింది. వచ్చినావిడను చూసి కొంగు సర్దుకుంది. సాలమ్మ అన్న మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియదు. కూరగాయల దగ్గర మాత్రం కత్తిపీటలు ఆగిపోయాయి. అక్కడ కూర్చున్న తారామణి చేతిలో వంకాయ సగం కోసి ఉంది.

ఛాయాదేవమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. ముందు సాలమ్మకు బొట్టు పెట్టింది. తర్వాత దానమ్మ దిక్కు తిరిగింది.

“ఉపాసముండి గూడ ఇంత మంట దగ్గర నిలబడ్డవు తల్లీ. చెమటకు బొట్టంత చెరిగిపోయింది సూడు.”

పెళ్లినాడు కూడా బొట్టు ఎరగని నుదురు అది. సాలమ్మకు ‘ఆగుండ్రి’ అని అరవాలనిపించింది. ఆ మాట బయటికొస్తే హాస్టళ్లు పోతాయి. రాకపోతే ఏం పోతుందో అప్పుడామెకు తోచలేదు.

దానమ్మ ఒకసారి సాలమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపమూ లేదు, బతిమాలటమూ లేదు. తప్పిపోయిన బర్రె అంగడిలో ఎదురైతే, ఇది మనదేనా కాదా అని చూసినట్టు చూసింది. తర్వాత తల కొంచెం వంచింది. ఛాయాదేవమ్మ పొట్టి మనిషి, అందకపోతే మునివేళ్ల మీద లేవాల్సి వస్తుంది.

పని అయిపోయింది. పెద్దావిడ షెడ్డంతా కలియ తిరిగింది, గిన్నెల్లోకి తొంగి చూసింది, పప్పు గుండిగ దగ్గర ఆగి గాలి పీల్చింది. చుక్కను చూస్తే గానీ తినకూడదు గాని, వాసనతోనే సగం కడుపు నిండిందని మెచ్చుకుంది. ఏకాదశి నుంచి మొదలుపెట్టుకోండని చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇలాంటి కబురు వచ్చిన రోజు వంటషెడ్డులో నవ్వులుండాలి. ఆ రోజు లేవు. ఉప్పల్ కంపెనీకి పోవాల్సిన భోజనాలు పోయాయి. ఆడవాళ్లు తిన్నారు, గిన్నెలు తోమారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దానమ్మ ఆ బొట్టుతోనే వడ్డించింది, ఆ బొట్టుతోనే తిన్నది, ఆ బొట్టుతోనే రేపటి శనగలు నానబోసింది.

సాలమ్మకే ఓపిక పోయింది. తువ్వాల తడిపి తెచ్చి చేతికిచ్చింది.

“తుడుసుకో అక్కా. ఆమె పోయి ఎంతసేపాయె.”

“బొట్టు తుడిస్తె పోతది సాలమ్మా. నువ్వన్న మాట ఏడ తుడుస్తవు?”

విన్నదన్నమాట. సాలమ్మ నేల మీద కూలబడ్డట్టు కూర్చుంది. అడిగే టైం లేకపోయిందని చెప్పుకుంది. ఇంతమంది ఆడవాళ్ల పొట్టలు కళ్ల ముందు ఆడాయని చెప్పుకుంది. అన్నీ నిజాలే. నిజాలైనా, చెబుతున్నకొద్దీ నీళ్ల మజ్జిగలాగ పలచబడుతున్నాయి.

“ఆ పొట్టలల్ల నాది గూడ ఉన్నది,” అంది దానమ్మ. “గందుకే ముఖం తిప్పుకోలే. ఆ ముసలామె ఉపాసముండి, గుడికి పోయొచ్చి, మంచి మనసుతోని చెయ్యి సాపింది. నేను ఎనకకు జరిగితే ఆమె చిన్నబోతది, నీ మాట పోతది. ఒక్కసారికి ఊకున్న. కని ఇది ఒక్కసారితోని ఒడిసేది గాదు గదా. ఏకాదశి నుంచి రోజు ఆమె ఎదురైతది. నేను రోజు ఎవరినయి పోవాలె? నీ పెద్దమ్మ బిడ్డనయి పోవాల్నా, అబ్రహాం పెండ్లాన్నయి పోవాల్నా?”

తప్పు తనదని తెలిసినప్పుడు మనిషికి ముందు కోపమే వస్తుంది. సాలమ్మకూ వచ్చింది.

“నువ్వా ప్రార్థన మనసుల జేసుకుంటె ఏం పోతుండె? కొంగు కప్పుకుంటెనే ఇనవడ్తదా మీ దేవునికి?”

దానమ్మ నవ్వింది. ఆ రోజు షెడ్డులో వినపడ్డ మొదటి నవ్వు అదే.

“నువ్వు రోజు పొద్దున భట్టీకి పసుపు బొట్లు పెడ్తవు. పెట్టకుంటె అంటుకోదా అది? నేనెన్నడన్న అడిగిన్నా?”

నిజమే, ఎన్నడూ అడగలేదు. పైగా పసుపు డబ్బా ఖాళీ అయితే, అయిపోవస్తుందని ముందుగా గుర్తుచేసేది దానమ్మే.

“నేను పని ఇడిసిపెడ్తనంటలేను,” అంటూ లేచింది దానమ్మ. “నువ్వు పొమ్మంటె పోత. ఉండుమంటె దానమ్మగనే ఉంట. రొండిట్ల ఏదో నువ్వే తేల్సు. కని తేల్సినంక నా ముఖం జూసి జెప్పు.”

నల్లా దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగానే ముఖం కడుక్కుంది. తుడుచుకుని, బుట్ట చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

సందె వేళకు హన్మయ్య వచ్చాడు. జరిగింది వినగానే మొదట హాస్టళ్లు ఖాయమైనందుకు తొడ చరుచుకున్నాడు. మిగతాది విన్నాక తల గోక్కున్నాడు. గోక్కుంటూ గోక్కుంటూ ఒక ఉపాయం తీశాడు. ఉప్పల్‌లో కామరాజు అని గుళ్లో ప్రసాదాలు వండే మనిషి ఉన్నాడు, జంధ్యం ఉంది, నోట్లో నాలుగు మంత్రాలున్నాయి. అతన్ని భట్టీ ముందు నిలబెడదాం. దానమ్మ వదినె వెనకాల కూరగాయలు కోసుకుంటూ, కామరాజుకు చెవిలో చెబుతూ ఉంటుంది. వంట ఆమెదే, ముఖం అతనిది. ఎవరికీ నష్టం లేదు. హోటళ్లలో తింటున్న జనమంతా వంటింట్లో ఎవరున్నారో చూసి తింటున్నారా అని కూడా అడిగాడు. అతని మాటలో అన్యాయం ఉందేమో గాని తెలివితక్కువతనం లేదు.

సాలమ్మకు తల్లి గుర్తొచ్చింది. తల్లి కాచిన నెయ్యికి ఊళ్లో పేరుండేది. పండుగొస్తే కరణాల ఇంటికి ఆ నెయ్యే పోవాలి. తల్లి కుండ నెత్తిన పెట్టుకుని పోయేది. కుండ లోపలికి పోయేది, తల్లి అరుగు కింద నిలబడేది. ‘నెయ్యి మనదే గదనే, మనల్ని ఎందుకు రానియ్యరు’ అని చిన్నప్పటి సాలమ్మ అడిగితే, ‘నెయ్యికి కులం లేదు బిడ్డా’ అని తల్లి నవ్వేసేది. ఆ నవ్వు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు మొగుడి ఉపాయం వింటుంటే అర్థమవుతోంది. దానమ్మ వంటను లోపలికి పంపి, దానమ్మను అరుగు కింద నిలబెట్టే పనిలో ఈసారి తానే ఉంది.

మాంసం తగలని గిన్నె ఉంటుంది. దానికి కష్టపడాలి, కొత్తది కొనాలి, కాపాడుకోవాలి, అయినా ఉంటుంది. మనిషి తగలని వంట ఎక్కడుంటుంది? ఎవరో ఒకరు ఆకు తుంచాలి, ఎవరో ఒకరు ఉప్పు వేయాలి. బోర్డు మీద ‘శుద్ధం’ అని రాయించిన రోజు తాను చెప్పింది గిన్నెల సంగతి. కొన్నవాళ్లు విన్నది చేతుల సంగతి. రెండూ వేరని తెలిసీ, ఏనాడూ విప్పి చెప్పలేదు. చెబితే బేరం తగ్గుతుందని.

“రేపు పొద్దుగాల పోయి ఆ అమ్మకు ఉన్నదున్నట్టు జెప్పొస్త,” అంది చివరికి.

“నువ్వేమన్న కోర్టుల బోనెక్కినవా, ఉన్నదున్నట్టు జెప్పనీకి?”

“ఎక్కిచ్చిన్రు. నన్ను నేనే ఎక్కిచ్చుకున్న.”

హన్మయ్య ఇంకొంచెంసేపు నచ్చజెప్పి, తర్వాత ఊరుకున్నాడు. సాలమ్మ మనసు తేలికపడింది. మొగుడు వాదించడం మానేస్తే ఒప్పుకున్నాడని అనుకోవడం ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న పొరపాటు.

తెల్లవారి లేచేసరికి హన్మయ్య లేడు. కూరగాయలకు ఉప్పల్ మార్కెట్టుకు పోయి ఉంటాడనుకుంది. షెడ్డుకు వచ్చి భట్టీ ముట్టించింది. దానమ్మ ఇంకా రాలేదు. నిన్నటి బరువుకు నడక మెల్లగా పడుతుందేమోననుకుని, పప్పు కడిగి పెట్టమని తారామణికి చెప్పి, తను షేర్ ఆటో ఎక్కింది. దానమ్మ వచ్చేసరికి తాను చెప్పేసి వచ్చి, ‘అయిపోయింది అక్కా’ అని ఆమె ముఖం చూసి చెప్పాలని తొందర.

గుంతల దుమ్ములో ఆటో ఎగిరెగిరి పడుతుంటే దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. తప్పయిందని ముందు చెప్పాలా, దానమ్మ ఎవరో ముందు చెప్పాలా? వంట గొప్పతనం చెప్పకూడదనుకుంది. అది చెబితే మళ్లీ నెయ్యి సంగతే అవుతుంది. హబ్సిగూడలో దిగి సందు తిరిగేసరికి ఒక్క మాట కూడా నోట మిగల్లేదు.

జనార్ధనరావు ఇంటి గేటు పక్కన ఒక టీవీఎస్ బండి నిలబడి ఉంది. వెనక సీటుకు గోనెసంచి కట్టి ఉంది. సంచి ఖాళీ. ఆ ముడి వేసే పద్ధతి సాలమ్మకు కాపురం పెట్టిన నాటి నుంచి తెలుసు.

తలుపు తీసింది ఛాయాదేవమ్మే. స్నానం చేసి జుట్టు చివర ముడి వేసుకుని ఉంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

“నిన్ననే జెప్తె ఏమయ్యేది సాలమ్మా?”

“తప్పయిందమ్మా.”

“ఏ తప్పో నీకు తెల్వాలె గదా.” ఆవిడ గొంతు పెంచలేదు. ఇరుగుపొరుగు వినాలనీ లేదు, దాచాలనీ లేదు. “ఆమె కిరస్తానీ అని నువ్వు నిన్న జెప్తె, నేను వద్దనే అంటుంటినేమో. అబద్ధమెందుకు, నా దేవునర్రకు నా పద్ధతులు నాకున్నయి. మా అత్త నేర్పింది, నేను పట్టుకున్న. కని నువ్వు జేసింది అది గాదు. బొట్టు వద్దనుకునే మనిషికి నా చేత బొట్టు పెట్టించినవు. నా నుదురు ఎవరన్న వచ్చి తుడిస్తె నాకెట్లుంటది? పొద్దున మీ ఆయన చెప్పినకాన్నుంచి నాకు మనసు మనసుల లేదు.”

సాలమ్మ తల దించుకుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఇది లేదు. తాను ఒక మనిషికి చేశాననుకున్న తప్పు ఇద్దరికి చేసిందని ఇక్కడ నిలబడితే గానీ తెలియలేదు.

లోపలి నుంచి ఎవరమ్మా అని జనార్ధనరావు కేక వేశాడు. ఛాయాదేవమ్మ జవాబివ్వకుండా గుమ్మంలోంచి పక్కకు జరిగింది. సాలమ్మ లోపలికి నడిచింది.

సోఫా అంచున, పడిపోతానేమోనన్నట్టు, హన్మయ్య కూర్చుని ఉన్నాడు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. పెళ్లాన్ని చూసి లేచి నిలబడ్డాడు, ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాడు. జనార్ధనరావు మర్యాద తెలిసినవాడు. కుర్చీ చూపించాడు. హన్మయ్య అన్నీ చెప్పాడనీ, దాపరికం లేకుండా తానే వచ్చి చెప్పడం నచ్చిందనీ అన్నాడు.

“ఆమెను తీసేసిన్రట గదా. కామరాజు వస్తడట వంటకు. ఇగ ఇబ్బంది ఏమున్నది సాలమ్మా? ఏకాదశి నాటికి తయారుగుండుండ్రి.”

సాలమ్మ మొగుడి వైపు చూసింది. అతను చాయ్ వైపు చూస్తున్నాడు. బేరం ఇప్పుడు చేతిలోనే ఉంది. గుప్పెట మూస్తే చాలు. మూసినా లోకం మునిగిపోదు, దానమ్మ కూడా ఎవరితోనూ కొట్లాటకు రాదు. అదే సాలమ్మకు భరించరానిదయింది.

“పొయ్యి నాది సార్. మా ఆయన కూరగాయలు తెస్తడు, గంతే. వంట దానమ్మ జేస్తది. ఆమె కిరస్తానీ. గుండిగ దించేముందు కొంగు కప్పుకుని ప్రార్థన జేస్తది, రేపు గూడ జేస్తది. గిన్నెలకు మాంసం తగలలేదని నేను ప్రమాణం జేస్త. చేతులకు ప్రమాణం జెయ్య. గిట్ల ఒప్పుకుంటె వస్తం, లేకుంటె లేదు.”

జనార్ధనరావు నుదురు రుద్దుకుని, చివరికి తల్లి దిక్కు తిరిగాడు. దేవుడికి పెట్టేది నువ్వు, నువ్వే చెప్పమన్నాడు.

ఛాయాదేవమ్మ గోడకు ఆనుకుంది.

“ఔనని ఇప్పుడనను, కాదని ఇప్పుడనను. ముందు ఆమెను పిలుచుకొని రా,” అంది సాలమ్మతో. “నా ముందు కూసోవాలె. నిన్న నేను జేసిందానికి ఆమెకు ఓ మాట జెప్పుకునేది ఉన్నది. అది అయినంకనే ఈ సంగతి.”

సాలమ్మకు ఒక్కసారి ఊపిరి ఆడింది. ఆటోలో పోయి ఆటోలో వస్తానని, గుమ్మం దిక్కు గబగబా అడుగేసింది.

“ఆమె రాదు,” అన్నాడు హన్మయ్య.

అందరూ అతని వైపు తిరిగారు. అతను చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఇటు వచ్చేముందుగాల వాళ్లింటికి పోయిన. ఇగ పనికి రావద్దని జెప్పిన.”

“నువ్వు జెప్పితె ఇన్నదా?” అంది సాలమ్మ. దానమ్మ ఇతని మాట వినే మనిషి కాదని ఆమెకు ధైర్యం.

“నేను జెప్తె ఇనదని నాకు ఎరుకనే.” హన్మయ్య గొంతు నేలకంటుకుపోయింది. “నీ పేరు జెప్పిన. సాలమ్మకు ముఖం సెల్లక నన్ను పంపింది వదినె, అని అన్న. నమ్మింది. అబ్రహాం అన్న అప్పుడే నర్సంపేటకు పోనీకి సామాన్లు గట్టుడు షురూ జేసిండు.”